మా ఇంటి ద్వారబంధం టేకుతో ట్రింకోమలి నౌక: 1:64 కొలతలో సాధ్యమేనా?

గోదావరి_గట్టు (రాజమండ్రి), జూన్ 9

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఈ ఓడ నమూనాల ఫోరంలో చదువుతూ వస్తున్నాను, రాయడం ఇదే మొదలు. ఇప్పటికి రెండు కిట్లు పూర్తి చేశాను. ఒకటి ఒంటి స్తంభం పడవ, రెండోది స్కూనర్. ఇప్పుడు కిట్ లేకుండా, ప్లాన్లు చూసుకుని సొంతంగా ఒక పెద్ద ఓడ కట్టాలని ఉంది.

పోయిన ఏడాది మా తాతగారి పెంకుటిల్లు తీసేశాం. కూల్చేవాళ్లు అన్నీ బేరం కట్టి పట్టుకుపోతుంటే వీధి గుమ్మం ద్వారబంధం మాత్రం నేను ఉంచుకున్నాను. ఆరడుగుల పొడవు, నాలుగంగుళాల మందం, చేవ తేలిన టేకు. చిత్రిక పట్టి చూస్తే పైనున్న రంగుపొర కింద తేనె రంగు బయటపడింది. డెబ్బై ఏళ్లు ఎండా వానా చూసినా ఎక్కడా బీట లేదు.

దీంతో ఏం కట్టాలా అని ఆలోచిస్తుంటే హెచ్ ఎం ఎస్ ట్రింకోమలి గుర్తొచ్చింది. అది బొంబాయి డాక్‌యార్డులో మన టేకుతో కట్టిన ఓడ. కట్టినవారు జంషెట్‌జీ బొమన్‌జీ వాడియా. 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దిగింది. నెపోలియన్ యుద్ధాలతో ఇంగ్లండులో ఓక్ కరువైపోతే బ్రిటిష్ నౌకాదళం మలబారు టేకు కోసం వాడియాల దగ్గరికి వచ్చింది. టేకు ఓడకు టేకు నమూనా కడితే ఎంత బాగుంటుందో అనిపించింది. 1:64లో, అంటే అసలు ఓడలో 64వ వంతుకి కడితే, పొట్టు (ఓడ ఒళ్లు) పొడవు 71 సెంటీమీటర్లు, వెడల్పు 19 వస్తుంది. ముందుకు పొడుచుకొచ్చే దూలంతో కలిపి మీటరు దాకా పోతుంది. మా ముందుగదిలో గోడ పక్కన సరిపోతుంది.

పలకలకి, డెక్కుకి, అన్నిటికీ ఈ ఒక్క టేకే వాడవచ్చా? పెద్దలు చెప్పండి.

---

పాత_ఉలి (విశాఖపట్నం), జూన్ 9

గట్టు గారూ, స్వాగతం. ఓడ ఎంపిక చాలా బాగుంది. కర్ర ఎంపిక దగ్గర మాత్రం ఆగండి.

ఒక పని చేయండి. ఆ ద్వారబంధం నుంచి చిన్న ముక్క అడ్డంగా కోసి, పదునైన బ్లేడుతో కోత నున్నగా చేసి, భూతద్దంతో చూడండి. వార్షిక వలయం మొదట్లో వరసగా కన్నాలు కనిపిస్తాయి. టేకులో అవి దాదాపు పావు మిల్లీమీటరు ఉంటాయి. దాన్ని 64తో గుణించండి: 16 మిల్లీమీటర్లు. అంటే మీ ఓడ డెక్కు మీద నిలబడ్డ నావికుడికి పలక నిండా బొటనవేలు దూరేంత గుంటలు ఉన్నట్టు లెక్క. వార్నిష్ వేశాక ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయి. కళ్లకి అది ఓడలా ఉండదు, టేకు సామానులా ఉంటుంది.

నమూనాకి కావలసింది అసలు ఓడలోని కర్ర కాదండీ, అసలు కర్ర దూరం నుంచి ఎలా కనిపిస్తుందో అలా కనిపించే కర్ర. అందుకే బయటి దేశాల్లో వాళ్లు బాక్స్‌వుడ్, పేర్ (బేరిపండు చెట్టు) లాంటి కర్రలు వాడతారు. పీచు కంటికి ఆనదు.

పైగా టేకులో నూనె. జిగురు పట్టే ముందు ప్రతి ముక్కనీ అసిటోన్‌తో తుడవాలి. అందులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, బ్లేళ్లు తొందరగా మొండిపడతాయి. ఆ పొడి పీలిస్తే దగ్గు. మాస్కు లేకుండా మాత్రం కోయకండి.

---

గోదావరి_గట్టు, జూన్ 10

పాత ఉలి గారూ, రాత్రి మీరు చెప్పినట్టే కోసి చూశాను. కన్నాలు నిజమే. కానీ మనసొప్పడం లేదండీ. ఆ గుమ్మంలోంచే మా నాన్నగారు బడికెళ్లారు, మా అక్క అత్తారింటికెళ్లింది. ఆ కర్ర ఓడలో ఎక్కడో ఒకచోట ఉండాలి.

---

టీస్_తీరం (మిడిల్స్‌బరో), జూన్ 10

ట్రింకోమలి పేరు చూడగానే పరుగెత్తుకొచ్చాను. ఆ ఓడ మా ఇంటి నుంచి కారులో అరగంట, హార్ట్‌ల్‌పూల్‌లో. పిల్లల్ని తీసుకుని నాలుగైదు సార్లు వెళ్లాను. బ్రిటన్‌లో ఇంకా నీళ్ల మీద తేలుతున్న యుద్ధనౌకల్లో ఇదే పాతది. విక్టరీ అనే యుద్ధనౌక దీనికంటే పాతదే గానీ, అది 1922 నుంచి పోర్ట్స్‌మత్‌లో పొడి డాక్‌లో (నీళ్లు తోడేసిన రేవులో) ఉంది.

మొదటిసారి కింది డెక్కులోకి దిగినప్పుడు తల వంచుకుని నడుస్తూ ఒక పక్కటెముక మీద చెయ్యి వేశాను. ఇంతలావు దూలం, రెండు వందల ఏళ్లు దాటినా గట్టిగా ఉంది. ఇది మన దేశపు చెట్టు, మన వడ్రంగుల చేతిపని అని మా అబ్బాయికి చెబుతుంటే గొంతు పట్టేసింది. కట్టిన ఊరు బొంబాయి అని అక్కడ రాసే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీరు ఏ కాలపు ట్రింకోమలి కడతారు? ఇది ముందు తేల్చుకోండి. 1819లో ఇంగ్లండు చేరాక ఆ ఓడని స్తంభాలు దించి, పైకప్పు వేసి, పాతికేళ్లకు పైగా ఊరికే కట్టేసి ఉంచారు. 1840ల్లో బయటికి తీసినప్పుడు 26 ఫిరంగుల కార్వెట్ (చిన్న తరగతి యుద్ధనౌక) గా మార్చారు, వెనుక భాగం రూపం కూడా మారింది. ఇప్పుడు నేను ఫొటోలు తీసి పంపితే అందులో కనపడేది 1817లో వాడియా కట్టిన వెనుక భాగం కాదు. ఫొటోలు చూసి ముందు భాగం, ప్లాన్లు చూసి వెనుక భాగం కడితే రెండు కాలాల ఓడలు అతికించినట్టవుతుంది.

---

గోదావరి_గట్టు, జూన్ 11

ఇది నాకు తట్టనే లేదు, చాలా సాయం చేశారు. బొంబాయిలో నీళ్లలోకి దిగిన రోజు ఎలా ఉందో అలాగే కడతాను. 1817.

---

పాత_ఉలి, జూన్ 11

సరైన నిర్ణయం. అది లీడా తరగతి ఫ్రిగేటు (వేగంగా పోయే మధ్యరకం యుద్ధనౌక) కాబట్టి ఇంగ్లండులోని గ్రీనిచ్ మ్యూజియంలో ఆ తరగతి ఓడల ప్లాను గీతలు దొరుకుతాయి. 1782లో పట్టుకున్న హెబె అనే ఫ్రెంచి ఓడ గీతలే దీనికి మూలం. దీని తోబుట్టువు ఓడ యూనికార్న్ స్కాట్లండులోని డండీలో ఉంది. దానికి అసలు స్తంభాలే ఎక్కించలేదు, పైకప్పుతోనే ఉండిపోయింది.

ప్లాన్ల మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ట్రింకోమలి ప్లాన్లు మొదటిసారి బొంబాయికి పంపింది జావా అనే ఓడలో. 1812 డిసెంబరులో అమెరికా వాళ్ల కాన్‌స్టిట్యూషన్ చేతిలో ఆ ఓడ పోయింది, దాంతోపాటు ప్లాన్లూ పోయాయి. మళ్లీ గీసి పంపాల్సి వచ్చింది. కీల్ (ఓడ అడుగున ఉండే వెన్ను దూలం) వేసేసరికి 1816 అయింది. మీకు ప్లాన్లు రావడం నెలా రెండు నెలలు ఆలస్యమైతే ఈ సంగతి గుర్తు తెచ్చుకుని ఓపిక పట్టండి.

---

వరహా_తీరం (యలమంచిలి), జూన్ 12

బాక్స్‌వుడ్ కోసం విదేశాలకు ఆర్డర్ పెట్టే ముందు నా మాట ఒకసారి వినండి.

మాది ఏటికొప్పాక పక్క ఊరు. ఇంట్లో లేతు ఉంది, లక్కబొమ్మల పని చిన్నప్పటి నుంచి వచ్చు. మేం వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మీగడ రంగులో ఉంటుంది. పీచు ఎంత సన్నమంటే లేతు మీద ఉలి పెడితే రిబ్బనులా లేస్తుంది, కొబ్బరి కోరు తీసినట్టు. నిలువునా కోసినా, అడ్డంగా కోసినా అంచు చిట్లదు. నేను 1:64కి మూడు కన్నుల డెడ్‌ఐలు (స్తంభాల తాళ్లు బిగించే గుండ్రటి చెక్క బిళ్లలు), కప్పీలు దీంతోనే తిప్పుతాను. 3 మిల్లీమీటర్ల డెడ్‌ఐకి మూడు కన్నాలు పెట్టినా విరగలేదు.

దీనికున్న లోటు ఒకటే. కొమ్మలు సన్నం, పొడవైన బద్దలు రావు. కానీ ఆలోచించండి, అసలు ఓడలో మాత్రం పలకలు అంత పొడవు ఉండేవా? 24 అడుగుల డెక్కు పలక 1:64లో 11 సెంటీమీటర్లే. 10 అంగుళాల వెడల్పు 4 మిల్లీమీటర్లు. అంత ముక్క అంకుడులో ఎన్నైనా వస్తుంది. కిట్లలో ఇచ్చే అరమీటరు బద్దని ఒక్కటిగా పరిచి, దాని మీద పెన్సిలుతో అతుకు గీతలు గీయడం కంటే ఇదే నిజం.

ఒక జాగ్రత్త చెబుతాను. కోసిన వెంటనే తొక్క తీసి గాలికి ఆరబెట్టాలి. వర్షాకాలంలో పచ్చిగా పేర్చి ఉంచితే నీలి మచ్చ పడుతుంది, అది ఎంత గీకినా పోదు. ఒక ఏడాది సంచెడు కర్ర నేనలా పోగొట్టుకున్నాను.

---

పాత_ఉలి, జూన్ 12

అమ్మా, ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఏటికొప్పాక బొమ్మలు మా ఇంట్లో పాతిక ఉంటాయి. ఆ కర్రని ఈ కంటితో ఎప్పుడూ చూడలేదు. నాలుగు ముక్కలు పంపించగలవా? ఖర్చు నాది.

---

కొత్త_బద్ద (హైదరాబాద్), జూన్ 14

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది మొదటి ఓడ, కిట్టే. పొట్టుకు పలకలు పరుస్తుంటే రెండు సమస్యలు వచ్చాయి. ముక్కు దగ్గర బద్దలన్నీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. రెండోది, మధ్యలో ఉండే ప్లైవుడ్ వెన్నుపలక వంకర తిరిగింది. పైనుంచి చూస్తే ముక్కు ఎడమకి 4 మిల్లీమీటర్లు పోయింది. వానలు మొదలయ్యాక ఇలా అయింది. ఇక పారేయడమేనా?

---

పాత_ఉలి, జూన్ 14

పారేయొద్దు. ముందు వంకర సంగతి. మీరు ఒక పక్కనే వరసగా పలకలు వేశారా?

---

కొత్త_బద్ద, జూన్ 14

అవునండీ. కుడి పక్క ఎనిమిది వేశాక ఎడమ పక్క మొదలుపెట్టాను.

---

పాత_ఉలి, జూన్ 15

అదే కారణం, వాన ఒక్కటే కాదు. తడిపి వంచిన బద్ద ఆరేటప్పుడు బిగుస్తుంది. ఎనిమిది బద్దలు ఒకే వైపు లాగితే పల్చటి ప్లైవుడ్ అరటికాయలా వంగుతుంది. నా మొదటి పడవా ఇలాగే పోయింది, దాన్ని చూసుకుని వారం రోజులు పని ముట్టుకోలేదు. ఇటు ఒకటి, అటు ఒకటి, ఎప్పుడూ జంటగా వేయాలి. ఇప్పుడు ఆ ఎనిమిదిలో నాలుగు వేడినీళ్ల గుడ్డ వేసి విడదీయండి. వెన్నుపలకని చదునైన బల్లకి బిగించి, ఎడమ పక్క నాలుగు వేయండి. చాలావరకు నిటారుకి వస్తుంది.

ఇక ముక్కు. ఓడ పొట్ట దగ్గర చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. ఒకే వెడల్పు బద్ద రెండుచోట్లా ఎలా పడుతుంది? ఒక కాగితం పట్టీ తీసుకుని ఓడ మధ్యలో, పైపట్టీ దగ్గర నుంచి కీల్ దాకా ఒంపు వెంబడి అతికించి కొలవండి. 120 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. బద్ద 5 అయితే 24 బద్దలు పడతాయి. ఇప్పుడు ముక్కు దగ్గర అలాగే కొలవండి. అక్కడ 70 వస్తే, 70ని 24తో భాగిస్తే 2.9. అంటే ప్రతి బద్దా ముక్కు దగ్గరికి వచ్చేసరికి 5 నుంచి 2.9కి సన్నబడాలి. సగానికంటే, అంటే 2.5 కంటే, కిందికి పోకూడదు. పోతే రెండు బద్దలు కలిసి ఒకటయ్యేలా కోత పెట్టాలి. వెనుక చుక్కాని దగ్గర దీనికి తిరగబడుతుంది, అక్కడ చాలక చీలిక బద్దలు ఇరికించాలి.

ప్రతి చట్రం మీదా ఈ గుర్తులు పెన్సిలుతో పెట్టుకున్నాకే మొదటి బద్ద అంటించండి. గుర్తులు పెట్టడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ పెడితే తర్వాత రెండు నెలలు హాయిగా సాగుతుంది.

వంచడానికి ఇడ్లీపాత్రలో నీళ్లు మరిగించి, పై రేకు మీద బద్ద పెట్టి మూత వేసి పది నిమిషాలు ఉంచండి. తీసిన వెంటనే చట్రం మీద క్లిప్పులతో పట్టించి, రాత్రంతా ఆరనివ్వండి. జిగురు తెల్లారే.

---

కోరంగి_కుర్రాడు (తాళ్లరేవు), జూన్ 16

మా నాన్న చెక్క బోట్లు కడతారండీ, తాతదీ అదే పని. ఈ చర్చంతా ఆయనకి చదివి వినిపించాను. ఆయన చెప్పినవి రాస్తున్నాను.

వంకర పక్కటెముక కావాలంటే నిటారు పలకని వంకరగా కోయరాదు. కోస్తే మధ్యలో పీచు తెగిపోతుంది, మొదటి దెబ్బకి అక్కడే విరుగుతుంది. చెట్టులోనే ఆ వంక ఎక్కడుందో వెతకాలి. మా నాన్న నల్లతుమ్మ కొమ్మ చూసి ఇది ఏ చట్రానికి పనికొస్తుందో అక్కడే చెప్పేస్తారు. డెక్కు దూలానికీ పక్కకీ మధ్య పెట్టే మోకాలు ముక్కలకి, మోడల్లో కూడా, కొమ్మ చీలే చోటు నుంచి కోసుకోండి. చిన్న ముక్కే కదా, ఏ జామకొమ్మలోనైనా దొరుకుతుంది. పీచు ఒంపు తిరిగి ఉంటే చూపుకి కూడా తెలుస్తుంది.

ఇంకో మాట. బ్రిటిష్‌వాళ్ల కాలంలో మా కోరంగిలో పెద్ద పెద్ద ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1789 తుపాను, మళ్లీ 1839 తుపాను ఊరిని తుడిచిపెట్టేశాయి. బొంబాయి ఓడ కడుతున్నారంటే మా నాన్నకి సంతోషమే. మన గోదావరి ముఖద్వారంలో కట్టిన ఓడ కూడా ఎవరైనా ఒకరు కడితే చూడాలని ఉందంటున్నారు.

---

గోదావరి_గట్టు, జూన్ 16

నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఇది అయ్యాక రెండోది అదే.

---

పురి_తాడు (హైదరాబాద్), జూలై 2

తాళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రెండు ముక్కలు. కిట్లలో వచ్చే దారం వాడకండి. సాధారణ నూలు దారానికి నూగు ఉంటుంది, దుమ్ము పట్టి రెండేళ్లలో గొంగళిపురుగులా అవుతుంది. పాలియెస్టర్ కుట్టుదారం మూడు పాయలు తీసుకుని మీరే పేనుకోండి. ముందు ఒక్కో పాయకీ పురి ఎక్కించి, తర్వాత మూడూ కలిపి ఎదురు పురి తిప్పాలి. అప్పుడే వదిలినా విడిపోదు. స్తంభాన్ని పట్టి నిలిపే తాళ్లు తారు పూసినవి కాబట్టి ముదురు గోధుమ రంగు. తెరచాపని లాగే తాళ్లు లేత రంగు. అన్నీ నల్లగా వేస్తే ఓడ బరువుగా కనిపిస్తుంది.

నిచ్చెన మెట్ల తాళ్లు సుమారు 13 అంగుళాలకి ఒకటి, మీ కొలతలో 5 మిల్లీమీటర్ల చిల్లర. వెనకాల గీతలు గీసిన అట్ట పెట్టుకుని కట్టండి. గట్టిగా లాగితే పక్క తాళ్లు లోపలికి ఒంగి నడుము పడుతుంది, అది దూరం నుంచే కనిపిస్తుంది.

---

గోదావరి_గట్టు, ఆగస్టు 20

రెండు నెలలుగా చేసినవి చెబుతాను.

వరహా తీరం గారు అంకుడు పంపారు. టేకు, అంకుడు, కిట్లో మిగిలిన వాల్‌నట్, మూడిటితో అరచేతంత డెక్కు ముక్కలు మూడు చేశాను. సందుల్లో తారు గీత కోసం ప్రతి బద్ద అంచుకీ మెత్తని పెన్సిలు రుద్దాను. మూడూ బల్ల మీద పెట్టి ఏమీ చెప్పకుండా మా ఆవిడని పిలిచి, దీంట్లో నిజం ఓడలా ఉన్నది ఏదో చూపించమన్నాను. క్షణం కూడా ఆలోచించకుండా అంకుడు ముక్క మీద వేలు పెట్టింది. టేకు ముక్క చూసి ఇది మన పాత మంచం కోడులా ఉందంది. నాకు ఇంక వాదన లేదు.

డెక్కు మేకులకి వెదురు వాడాను. 1:64లో అవి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. అంత సన్నగా చెయ్యడానికి మా వీధి చివర కంసాలిగారి దగ్గరికి వెళితే కమ్మచ్చు చేతికిచ్చారు. వెండి తీగ లాగే పలక అది, పెద్ద కన్నం నుంచి సన్న కన్నం దాకా వరసగా ఉంటాయి. వెదురు పుల్ల చీల్చి, కొస చెక్కి, ఒక్కో కన్నంలోంచీ పటకారుతో లాగుతూ వచ్చాను. ఏడో కన్నం దాటేసరికి దారంలా వచ్చింది. కమ్మచ్చులోంచి తీసినట్టు అని మా అమ్మమ్మ అంటుంటే వినేవాణ్ణి. దాని అర్థం ఆ రోజు చేతికి తెలిసింది.

ముక్కు దగ్గర నింపుడు దిమ్మలకి కొండపల్లి వాళ్ల తెల్లపొణికి తెచ్చాను. బెండులా తేలిక, ఆకురాయి రెండుసార్లు ఆడిస్తే రూపం వస్తుంది. చిన్న పల్లాలు పూడ్చడానికి వాళ్లు వాడే మక్కునే వాడాను, అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఆరాక కర్రతో సమానంగా రుద్దుడు పడుతోంది.

కొత్త బద్ద గారి వెన్నుపలక సంగతి చదివిన దగ్గర్నుంచి ప్లైవుడ్ అంటే భయం పట్టుకుంది. అందుకే అడుగుతున్నాను. కీల్‌కీ, లోపలి వెన్నుపలకకీ ఆ ద్వారబంధం టేకు వాడితే?

---

పాత_ఉలి, ఆగస్టు 20

వాడండి. ఇప్పుడు దానికి సరైన చోటు దొరికింది. డెబ్బై ఏళ్లు ఎండిన టేకు ఇక పెద్దగా కదలదు, వానొచ్చినా ఎండొచ్చినా దాదాపు ఉన్నచోటే ఉంటుంది. వెన్నుకి అంతకంటే మంచి కర్ర నేనూ తేలేను. వలయాలు నిలువుగా వచ్చేలా కోయించండి. చట్రాలు అతికే గాళ్లలో అసిటోన్ మరిచిపోవద్దు.

అంకుడు విషయంలో నేనూ ఒప్పుకుంటున్నాను. అమ్మాయి పంపిన ముక్కతో విక్టరీ నమూనాకి రెండు కప్పీలు తిప్పాను. పాత బాక్స్‌వుడ్ కప్పీల పక్కన పెడితే తేడా నాకే తెలియలేదు.

---

కొత్త_బద్ద, సెప్టెంబరు 3

4 మిల్లీమీటర్ల వంకర ఇప్పుడు ఒకటి లోపే ఉంది. కాగితం పట్టీ లెక్క పనిచేసింది. ముక్కు దగ్గర బద్దలు ఒకదాని పక్కన ఒకటి పడుకున్నాయి. చాలా చాలా థాంక్స్ గురువు గారూ.

---

గోదావరి_గట్టు, నవంబరు 8

కోత మిల్లులో మొదటిసారి ఇచ్చిన టేకు పలక మందం ఒక చివర 6, ఇంకో చివర 8 వచ్చింది. ఆ ముక్క పోయినట్టే. రెండోసారి పక్కన నిలబడి కోయించాను. చిత్రిక నేనే పట్టాను.

నిన్న కీల్ వేశాను. ట్రింకోమలి కీల్ వేసినప్పుడు వాడియాలు తమ పార్సీ ఆచారం ప్రకారం దాంట్లో వెండి మేకు దిగగొట్టారని చదివాను. కమ్మచ్చు ఇచ్చిన కంసాలిగారికి ఆ సంగతి చెబితే, ఒక మిల్లీమీటరు వెండి తీగ అంగుళం తుంచి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. ముందు సన్న డ్రిల్లుతో కన్నం పెట్టి, చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు. మూడు మా అమ్మ చేత వేయించాను, నాలుగోది నేను వేశాను. పైకి ఏమీ కనపడదు, రేపు రాగి తొడుగు వేస్తే అసలే కనపడదు.

ఇరవై చట్రాలు నిలబడ్డాయి. ఇప్పుడు ఒక ఇబ్బంది. ఫిరంగి కిటికీల కింది అంచు డెక్కు ఒంపు వెంబడి పోవాలా, లేక పక్కనున్న మందపాటి పట్టీ వెంబడి పోవాలా? ప్లానులో రెండు గీతలూ ముక్కు దగ్గర విడిపోతున్నాయి.

---

పాత_ఉలి, నవంబరు 8

డెక్కు వెంబడే. ఫిరంగి డెక్కు మీద నిలబడుతుంది కాబట్టి కిటికీ ఎత్తు డెక్కు నుంచే కొలవాలి. ముక్కు దగ్గర కిటికీలు పట్టీని కోసుకుని పోతాయి, అది తప్పు కాదు.

---

టీస్_తీరం, నవంబరు 9

పాత ఉలి గారు చెప్పిందే అనుకుంటున్నాను గానీ, శనివారం ఎలాగూ హార్ట్‌ల్‌పూల్ వెళ్తున్నాం. వెనుక భాగం మారినా ముందు భాగం కిటికీలు చూడొచ్చు కదా. టేపు పట్టుకెళ్తాను. గట్టు గారూ, ముక్కు నుంచి లెక్కపెడితే మీకు ఎన్నో కిటికీ దగ్గర గీతలు విడిపోతున్నాయో చెప్పండి, సరిగ్గా అక్కడ నిలబడి ఫొటో తీస్తాను.

---

గోదావరి_గట్టు, నవంబరు 9

రెండో కిటికీ అండీ. కుడి పక్క.